మంచు దులిపే తాడు

రెండేళ్ళ కిందటి డిసెంబరులో మా ఇంటి ముందరి గడ్డిలో ఏడు పందికొక్కులను చంపాను. బొరియకు ఒక వైపు బకెట్టు నీళ్ళు పోస్తే రెండో వైపు నుంచి అవి బుసకొడుతూ బయటికి వస్తాయి. వచ్చిన క్షణంలోనే గడ్డపార మొద్దు కొసతో తల మీద వెయ్యాలి. ఒకటే దెబ్బ. రెండో దెబ్బ అవసరమైతే తప్పు మన చేతిది. ఈ పని నాకు మా నాన్న నేర్పాడు. ఆయన బతికినన్నాళ్ళూ పెద్ద బంగళాల ముందు గడ్డి కోశాడు. ఆ గడ్డి మీద ఒక్కనాడూ కూర్చోలేదు. గడ్డిని ఎంత లోతుకు కోయాలో, పందికొక్కును ఎక్కడ కొట్టాలో, ఇంట్లోవాళ్ళను ఎక్కడ కొడితే బయటికి కనపడదో ఆయనకు బాగా తెలుసు.

నేను చెన్నై ఉత్తరపు కొసనున్న ఎన్నూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందర కారు నిలిపేందుకు చోటు వదలమని అందరూ చెప్పారు. నాకు కారు లేదు. ఇరవై అడుగుల పొడుగు, పదిహేను అడుగుల వెడల్పున ఎర్రమట్టి పోసి కొరియన్ గడ్డి నాటాను. మా వంశంలో సొంత గడ్డి మీద కూర్చున్న మొదటి మనిషి మా అమ్మ. ఆ సాయంత్రం ఆమె కాళ్ళు చాపుకుని, అరచేతులతో గడ్డిని నిమురుతూ చాలాసేపు స్తోత్రం చెప్పుకుంది. అప్పటినుంచి ప్రతి డిసెంబరులో మా తెలుగు చర్చి సంఘం వాళ్ళ గృహకూడిక ఒకటి మా ఇంటి గడ్డి మీదే జరుగుతూ వచ్చింది. చాపలు, డోలక్, టీ క్యాను, నలభై మంది మనుషులు. నేను సంఘంలో పెద్దను, సండే స్కూల్లో పాఠం చెప్పేవాణ్ణి. ఆ ఒక్క సాయంత్రం కోసం ఏడాదంతా గడ్డిని సాకేవాణ్ణి.

చెన్నైలో చలికాలమా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. మనుషులకు లేకపోయినా గడ్డికి ఉంది. నవంబరు వానలకు నీళ్ళు నిలిచి వేళ్ళు ఊపిరాడక నల్లబడతాయి. వానలు తగ్గగానే మంచు మొదలవుతుంది. పక్కింటి తమిళులు మార్గళి అంటారు, మేము క్రిస్మస్ నెల అంటాం. ఏ పేరు పెట్టినా ఎన్నూరులో మంచు ఒక్కటే దిగదు. కరెంటు కేంద్రం పొగగొట్టాల వైపు నుంచి బూడిద కూడా దిగుతుంది. మంచులో తడిసిన బూడిద ఎండ వచ్చేసరికి ప్రతి ఆకు మీదా సిమెంటు పూతలాగా బిగుసుకుంటుంది. పది రోజులు వదిలేస్తే గుండ్రటి మచ్చలుగా కుళ్ళు పట్టి గడ్డి చస్తుంది. అందుకని సూర్యుడు రాకముందే మంచును దులపాలి. బొటనవేలంత లావున్న కొబ్బరితాడు, రెండు కొసలకూ ముడులు. ఒకరు ఈ అంచున, ఇంకొకరు ఆ అంచున నిలబడి, తాడును గడ్డికి ఆనించి లాగుకుంటూ నడవాలి. ఆకులు వంగి లేస్తాయి, మంచూ బూడిదా కలిసి కిందికి రాలిపోతాయి. గడ్డి మీద మాత్రం అడుగు పెట్టకూడదు. మంచు మీద అడుగు పడితే ఆ చోట ఆకు విరిగి, మధ్యాహ్నానికి మాడిన పాదం ఒకటి తేలుతుంది.

తాడు రెండో కొసను మా తమ్ముడు పట్టుకునేవాడు.

వాడు అప్పుడు మా మేడ మీది గదిలో ఉండేవాడు. ఊరికి ఆ కొసనున్న షోళింగనల్లూరులో ఆఫీసు కారు నడుపుతూ, రాత్రి డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున ఇంటికి వచ్చేవాడు. ఆరేళ్ళుగా చర్చికి రావడం లేదు. తాగుడు మానలేదని ఒక ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ముందు వాడి పేరు చదివి సంఘం వెలివేసింది. ఆ రోజు ఆమెన్ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత వాడు తాగుడు మానేశాడు. ఎవరి ప్రార్థనా లేకుండా, ఎవరికీ చెప్పకుండా మానేశాడు. అది నాకు సంతోషం కలిగించాలి. కొంచెం మంటగానే ఉండేది.

"ఏందన్నా ఇది, పరలోకంలో కూడా నీకు గడ్డి డ్యూటీయేనా?" అనేవాడు తాడు లాగుతూ.

"ఆడ బూడిద పడదులే."

"పడకపోతే నీకేం పనుండాది ఆడ? రెండో దినమే దిగి వచ్చేస్తావు."

డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం, ఈసారి కూడికలో కూర్చోరా అని అడిగాను. ఏటా అడిగేవాణ్ణి, ఏటా వాడు నవ్వేసేవాడు. ఆ రోజు నవ్వలేదు. తాడు చేతికి చుట్టుకుంటూ, "చర్చికి రాను. ఆ మెట్లు ఎక్కను. గడ్డి మీదైతే కూర్చుంటా. సగం తాడు నేను గదా లాగతా ఉండా" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి మోకరించాను. ఆరేళ్ళ ప్రార్థనకు జవాబు దొరికిందని అమ్మకు చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆమెకు వినికిడి తక్కువ. విని, కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. ఆ గంట నుంచి నాకు ఒకటే లెక్క. గడ్డి పచ్చగా ఉండాలి. ఉంటే తమ్ముడు కూర్చుంటాడు. కూర్చుంటే వాక్యం వింటాడు. వింటే తిరిగొస్తాడు. ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి.

ఆ వారంలోనే గేటు పక్క మూల పసుపుపచ్చగా తిరిగింది. చేత్తో పీకితే గడ్డి చాపలాగా లేచి వచ్చింది. కింద బొటనవేలంతేసి తెల్లటి వేరుపురుగులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. వాటిని ఏరి ఇటుక మీద పెట్టి ఇంకో ఇటుకతో నలిపాను. చేతులకు పాలలాంటి జిగురు అంటుకుంది. పురుగుల కోసం పందికొక్కులు వచ్చాయి. వాటిని చంపాను. చచ్చినవాటిని తోక పట్టుకుని గోడ అవతల గుంటలో వేస్తుంటే నాకు అలసట రాలేదు, ఇంకా చంపాలనిపించింది. నా ఇంటి మీదికి శత్రువు వచ్చాడని, వాడు తమ్ముడి ఆత్మ కోసమే వచ్చాడని నిజంగా నమ్మాను. ఇప్పటికీ శత్రువు ఉన్నాడనే నమ్ముతాను. ఎక్కడ దాక్కుంటాడన్న విషయంలోనే నా లెక్క తప్పింది.

ఒక ఉదయం తమ్ముడు నిద్రమత్తులో చెప్పులతో గడ్డి అంచు తొక్కాడు. నేను వీధి దాకా వినపడేట్టు అరిచాను.

వాడు కాలు వెనక్కు తీసుకుని, "ఈ గడ్డి చచ్చిపోతే పీడాపోతుందన్నా. నిన్ను చూస్తే భయమేస్తా ఉండాది" అన్నాడు.

ఆ మాట నా లోపల ఉండిపోయింది.

తర్వాతి సోమవారం తెల్లవారుతూ ఉండగా బయటికి వచ్చి గోడ మీది తాడు తీసుకున్నాను. గడ్డి మీద తెల్లగా ఏదో మెరుస్తోంది. ముందు రెండు రోజులు కూడా చీకట్లో తెల్లగా కనిపిస్తే బూడిదే అనుకుని దులిపేశాను. బూడిద మెరవదు. వంగి వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. రాళ్ళ ఉప్పు. గేటు మూల నుంచి గోడ దాకా చల్లి ఉంది. పసుపుపచ్చ మూల అప్పటికే గోధుమరంగుకు తిరిగింది. మంచులో ఒక జత చెప్పుల గుర్తులు గడ్డి మధ్య దాకా వెళ్ళి, తిరిగి మేడ మెట్ల వైపు వచ్చాయి.

ఒక రాజు తన మీద తిరగబడిన పట్టణాన్ని పడగొట్టి, ఇంకెప్పుడూ ఏమీ మొలవకూడదని దాని మీద ఉప్పు చల్లించిన సంగతి లేఖనంలో ఉంది. సండే స్కూలు పిల్లలకు ఆ పాఠం చెప్పాను. ఆ ఉదయం నాకు అది ఒక్కటే గుర్తొచ్చింది.

తమ్ముడు మెట్లు దిగి వచ్చాడు. మొహం కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. "తాడు ఇటియ్యన్నా" అని చెయ్యి చాపాడు.

"గడ్డి మీద నడిచింది ఎవరు?"

"నేనే."

"ఈ ఉప్పు?"

వాడు ఏ ఉప్పు అని అడగలేదు. ఒకసారి గడ్డిని చూశాడు. ఒకసారి ఇంటి కిటికీని చూశాడు. నాకు అదే చాలింది.

"నోరు తెరవరా."

"ఏం తెరిచేది? సరి, నేనే అనుకో. విడిచిపెట్టు అన్నా."

తాడు రాత్రంతా బయటే ఉండి మంచుకు తడిసి బరువెక్కి ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఆ క్షణంలో నాకు, దేవుని ఇంటిని గురించిన ఆసక్తితో, అందులోని వ్యాపారులను తరమడానికి తాళ్ళను పేనుకుని కొరడా చేసిన ప్రభువు గుర్తొచ్చాడు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నిజం. నేను పాపం చేస్తున్నానని అనుకోలేదు. శుద్ధి చేస్తున్నాననుకున్నాను. రెండో దెబ్బ వీపు మీద పడింది. మూడోసారి తాడు కొసనున్న ముడి వాడి ఎడమ చెవికి తగిలింది. తడి గుడ్డను బండకేసి కొట్టిన శబ్దం వచ్చింది. వాడు ఒక మోకాలి మీద కూలబడ్డాడు. చెవిలోంచి నెత్తురు సన్నగా దవడ మీదికి, మెడ మీదికి దిగింది. మా తమ్ముడు నాకంటే బలమైనవాడు. లారీ టైరును ఒంటరిగా ఎత్తుతాడు. అనుకుంటే నా మణికట్టు విరిచేసేవాడు. రెండు చేతులూ నేలకు ఆనించి తల పైకెత్తాడు.

"చాలా అన్నా?" అని అడిగాడు.

నేను ఇంకోటి వేశాను.

నా భార్య పరుగెత్తుకొచ్చి తాడును రెండు చేతులతో పట్టేసుకుంది. "చంపేస్తారా? దేవుడా, చంపేస్తారా?" అంటూ, నేను లాగితే తాడుతోపాటు తనూ వచ్చింది. ఆ తర్వాతే అమ్మ ఉదయ ప్రార్థన ముగించుకుని బయటికి వచ్చింది. ఆమెకు ఏమీ వినపడలేదు. వాడి చెవిని చూసి, "ఏందిరా అబ్బయా, ఆ నెత్తురు?" అంది.

"జారి పడినామ్మా. మంచు" అన్నాడు తమ్ముడు.

మెట్లు ఎక్కి, ఒక సంచి తీసుకుని దిగి, కారు ఎక్కి వెళ్ళిపోయాడు. చెవి లోపలి పొర చిరిగిందని, ఆ వైపు వినికిడి సగానికి పైగా పోయిందని సాయంత్రం నా భార్యకు ఫోనులో చెప్పాడట. నాతో మాట్లాడలేదు.

నేను పశ్చాత్తాపపడలేదు. గడ్డిని కడిగాను. ఉప్పు దిగిపోవాలంటే మంచినీళ్ళు మడి కట్టినట్టు నిలబెట్టి కిందికి ఇంకనివ్వాలి. మూడు రోజులు అదే పని. తమ్ముడు కనపడలేదేమని పాస్టరుగారు అడిగితే, డ్యూటీ ఎక్కువగా ఉందని అబద్ధం చెప్పాను. బుధవారం ప్రార్థనలో చేతులు పైకెత్తినప్పుడు తాడు గీరిన ఎర్రటి గీత అరచేతిలో నాకే కనిపించింది. చేతులు దించి జేబులో పెట్టుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే అమ్మ అడిగింది. "ఏం నాయనా, మూడు దినాలు చల్లితినే, గడ్డి ఇంకా తేరుకోలేదేంది?"

"ఏం చల్లినావమ్మా?"

"ఉప్పు. పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరయ్యోరి చేత చేతులు పెట్టించి తెచ్చిన ఉప్పది. చుమ్మా, ఉత్త ఉప్పనుకుంటివా? నీళ్ళు చెడిపోయి నేల గొడ్డుబోతే ప్రవక్త ఉప్పేసి బాగుచెయ్యలే? నువ్వే గదరా చెప్పినావు పోయినేడు, మైకు పట్టుకొని. చిన్నోడు కూర్చోవాల్సిన గడ్డి గదా అని, మీరెవరూ లేవకముందే గడ్డి అంచు ఇటుకల మీద నిలబడి చల్లినా." నీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. "మూడో దినం చిన్నోడు చూసేసినాడు. జారతావు మా అని గడ్డిలో నడిచొచ్చి చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చి వదిలినాడు. అన్నకు చెప్పొద్దు, నేనే చెప్తాలే అన్నాడు. చెప్పలేదా?"

పడగొట్టిన పట్టణం మీద చల్లిన ఉప్పూ లేఖనంలో ఉంది, నీళ్ళను బాగుచేసిన ఉప్పూ లేఖనంలో ఉంది. రెండూ నేను బోధించినవే.

కంచం ముందు నుంచి లేచాను. చెయ్యి కడుక్కోలేదు. పార తీసుకుని గడ్డిలోకి వెళ్ళి నరకడం మొదలుపెట్టాను. పచ్చగా మిగిలిన చోటు, మాడిన చోటు అని చూడలేదు. పార దిగిన ప్రతిసారీ వేళ్ళు చిరిగే శబ్దం కొత్త బట్టను చించినట్టు వచ్చింది. గడ్డి పలకలను లాగి గోడకేసి కొట్టాను. చెమట కళ్ళలో పడింది. ఒకసారి పార జారి నా బొటనవేలు చీలింది. నెత్తురు చూసినా ఆగలేదు. లోపల అమ్మ నా భార్యను అడగడం వినిపించింది. "ఏం చేస్తా ఉండాడు వాడు?"

"పురుగు మట్టి తీస్తా ఉండారత్తయ్యా" అని నా భార్య గట్టిగా చెప్పి తలుపు గడియ వేసింది. ఆ గడియ శబ్దం నేను విన్నాను.

మరుసటి రోజు రైలు, బస్సు మారి షోళింగనల్లూరు వెళ్ళాను. అద్దాల మేడకు ఎదురుగా టీకొట్టు పక్కన తెల్ల కార్లు వరసగా నిలిచి ఉన్నాయి. తమ్ముడు సీటు వాల్చి పడుకుని ఉన్నాడు. ఎడమ చెవిలో దూది ఉంది. అద్దం మీద తట్టాను. లేచి చూసి, దిగి వచ్చి, కుడి చెవి నా వైపుకు తిప్పి నిలబడ్డాడు.

"అమ్మ చెప్పింది" అన్నాను.

"ఓహో."

"ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదరా. అమ్మ చల్లిందని ఒక్క మాట. నిన్ను కొట్టేవాణ్ణి కాదు."

"నన్ను కొట్టవు. అది తెలుసు నాకు." దూది వేలితో లోపలికి నొక్కుకున్నాడు. "తాడు నీ చేతిలోనే ఉండింది గదా. ఎవరి మీదికి పోయుండును అది?"

"అమ్మను కొడతానారా నేను?"

"నాన్న కొట్టలే?"

"నేను నాన్నను కాను."

"కావచ్చు. ఆ దినం నీ మొఖం నువ్వు చూళ్ళే అన్నా. నేను చూసినా."

ఎన్నటికీ కొట్టను అని నోటి దాకా వచ్చింది. ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం నేర్పింది. ఔనంటే ఔను, కాదంటే కాదు అనాలి. కాదు అనడానికి నోరు తెరిచాను. ముందురోజు మధ్యాహ్నం అమ్మ ఉప్పు మాట చెప్పినప్పుడు నేను అంత తొందరగా బయటికి ఎందుకు పరుగెత్తానో అప్పుడు గుర్తొచ్చింది. ఆమెకు ఎదురుగా ఇంకొక్క క్షణం కూర్చోవడానికి నాకు భయం వేసింది. నా చేతి మీద నాకే భయం వేసింది. నోరు మూసుకున్నాను.

తమ్ముడు టీ చెప్పాడు. ఇద్దరం తాగాం. గ్లాసు పెట్టేసి, "క్షమించరా" అన్నాను.

"సరి."

"సరి అంటే?"

"సరి అంటే సరి. స్తోత్రం కూడా చెప్పమంటావా? ఒక చెవితో ఎంతని వినేది నీ మాటలు."

పక్కన డ్రైవరు ఒకడు నవ్వాడు. తమ్ముడు కూడా కొంచెం నవ్వాడు. నాకు ధైర్యం వచ్చింది. "కూడికకు రా. గడ్డి పోయింది. మట్టిలోనైనా కూర్చుందాం."

"వస్తా."

నా గుండె ఎగిరింది.

"అమ్మను పిలుచుకొని పోయేదానికి వస్తా" అన్నాడు. "ఈడ రూము తీసినా. నిన్న ఫోనులో అడిగినా, వస్తానంది. నువ్వు అడ్డం పడొద్దు. ఇంకోటి, ఉప్పు వల్ల గడ్డి చచ్చిందని ఆమెకు తెలియనీకు. చచ్చిపోతాది."

కూడిక రోజు తవ్విన మట్టిని చదును చేసి టార్పాలిన్ పరిచాం. నలభై మందీ వచ్చారు. గడ్డి ఏదని అడిగినవాళ్ళకు పురుగు పట్టిందని నా భార్య చెప్పింది. ప్రారంభ ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. నేను లేచి నిలబడి కళ్ళు మూసుకోకుండా, నా తమ్ముణ్ణి గడ్డి కోసం తాడుతో కొట్టాననీ, వాడి చెవి పోగొట్టాననీ, మీకు అబద్ధం చెప్పాననీ చెప్పాను. ఎందుకు అనుమానించానో చెప్పలేదు. ఎవరో అలవాటుగా స్తోత్రం అన్నారు, వెంటనే దగ్గారు.

"ఏమంటా ఉండాడు?" అని అమ్మ పక్కనున్న ఆమెను అడిగింది.

"తప్పు ఒప్పుకుంటా ఉండారు పెద్దమ్మా."

"మంచిదే. చిన్నప్పుడు అది ఒక్కటే చాతగాదు వాడికి" అంది అమ్మ, అందరికీ వినపడేట్టు.

పాస్టరుగారు, వచ్చే నెల బల్ల నువ్వు తీసుకోవద్దు అన్నారు. సరే అన్నాను. డోలక్ మొదలైంది. రెండో పాట మధ్యలో తెల్ల కారు వచ్చి గేటు ముందు ఆగింది. తమ్ముడు దిగాడు. లోపలికి రాలేదు. గేటు ఊచలు పట్టుకుని, మంచి చెవి మా వైపుకు పెట్టి, పాట అయ్యేదాకా నిలబడ్డాడు. కూర్చో తమ్ముడూ అని ఇద్దరు ముగ్గురు పిలిచారు. వాడు తల అడ్డంగా ఊపాడు.

అమ్మ లేచింది. సంచి ఉదయమే సర్దిపెట్టుకుంది. "కొన్ని దినాలు ఆడుండి వస్తాలేరా" అని నాతో అంది. సంచి నేను మోసుకెళ్ళాను. వెనక సీట్లో ఆమెను కూర్చోబెట్టి సంచి చేతికిచ్చాను. ముందు సీట్లో తమ్ముడు అప్పటికే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. సీటు బెల్టు ఎట్లా పెట్టుకోవాలో అమ్మకు తెలియదు. అది ఆమె భుజం పైన వేలాడుతోంది. లోపలికి వంగి, బెల్టు అందుకోవడానికి చెయ్యి పైకెత్తాను.

అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. మెడ భుజాల్లోకి ముడుచుకుపోయింది. చేతిలోని సంచిని మొహానికి అడ్డం పెట్టుకుంది.

అద్దంలో తమ్ముడి కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను చెయ్యి అలాగే ఆపి, చాలా మెల్లగా బెల్టు కిందికి లాగి, కొక్కెంలో పెట్టాను.

"పెట్టేసినానమ్మా" అన్నాను.

ఆమె కళ్ళు తెరిచి, తానేం చేసిందో తనకే తెలియనట్టు నవ్వింది. "పెట్టేసినావా నాయనా" అంది. నేను బయటికి వచ్చి తలుపు వేశాను.